లైసెన్సు చెల్లుతుంది, ఉద్యోగం సంగతి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు, పైలట్ అవుతానంటున్నాడు. యూరప్‌లో ఒక దేశంలో లైసెన్సు తీసుకుంటే అన్ని దేశాల్లోనూ చెల్లుతుందని, ఉద్యోగం అక్కడే వస్తుందని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. స్పెయిన్ మంచిదా, పోలండ్ మంచిదా? ఎకరంన్నర పొలం అమ్మకానికి పెట్టాం.
- ఒక తండ్రి, తెనాలి

జవాబు: వాళ్లు చెప్పినదాంట్లో మొదటి సగం నిజమే. 1999లో పైలట్ లైసెన్సులకు ఉమ్మడి నియమాలు వచ్చినా వాటికి చట్టబలం లేక, ఒక్కో దేశం ఒక్కో తీరుగా అమలు చేసుకునేది. 2011లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన 1178 నంబరు రెగ్యులేషన్‌తో ఆ తిరకాసు పోయింది. ఇప్పుడు 27 ఈయూ దేశాలతో పాటు నార్వే, ఐస్‌లాండ్, స్విట్జర్లాండ్, లీక్టెన్‌స్టైన్‌లలోనూ సిలబస్ ఒకటే, మెడికల్ ప్రమాణాలు ఒకటే. స్పెయిన్ కాగితానికీ పోలండ్ కాగితానికీ తేడా లేదు. స్పెయిన్‌లో ఎండ ఎక్కువ కాబట్టి ఎగిరే రోజులు ఎక్కువ, అంతే.

నా అనుమానమంతా రెండో సగం మీదే. లైసెన్సుతో పాటు పనిచేసే హక్కు రాదు. దానికి అక్కడి పౌరసత్వమో వర్క్ పర్మిటో ఉండాలి. అదే లైసెన్సు చేతబట్టుకుని అక్కడి పిల్లలు వరుసలో నిలబడి ఉంటే, కొత్తగా రెక్కలొచ్చిన మన కుర్రవాడికి పర్మిట్ ఇప్పించి మరీ ఎవరు తీసుకుంటారు? ఆ ఉమ్మడి కాపురమైనా శాశ్వతం కాదు. 2020 చివరన బ్రిటన్ వేరుపడింది. మర్నాటి నుంచి బ్రిటిష్ లైసెన్సుతో ఈయూలో రిజిస్టరైన విమానం నడపడానికి వీల్లేకపోయింది.

తిరిగి వచ్చి ఇక్కడే ఎగురుతాడంటారా? మన దేశంలో పైలట్ లైసెన్సులిచ్చే పౌర విమానయాన సంస్థ డీజీసీఏ దగ్గర లైసెన్సు మార్పిడి చేయించుకోవాలి, దానికి మళ్లీ పరీక్షలు. అక్కడ ఇంటిగ్రేటెడ్ కోర్సులో, అంటే మొదటి నుంచి చివరిదాకా ఒకే విడతలో నేర్పే కోర్సులో, కమర్షియల్ లైసెన్సు (జీతానికి విమానం నడిపే లైసెన్సు) 150 గంటలు ఎగిరితే చేతికొస్తుంది. మన దగ్గర 200 కావాలి. ఆ తేడా గంటల ఖర్చు ఎవరిదో కన్సల్టెన్సీ వాళ్లనే అడిగి చూడండి.

ఇక కోపం తెచ్చుకోకండి. పొలం కొలత రాశారు గానీ, అబ్బాయి కళ్ల గురించి ఒక్క ముక్క రాయలేదేం? అడ్వాన్సు కట్టేశాక నా దగ్గరికి వచ్చిన తండ్రి ఒకరున్నారు. కంటి డాక్టరు రంగు చుక్కల పుస్తకం తెరిచి పేజీలో అంకె చదవమంటే, ఆయన కొడుకు 'ఏ అంకె సార్?' అన్నాడట. అబ్బాయికి రంగుల తేడా తెలియదన్నది పద్దెనిమిదేళ్లు ఆ ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి.

ఈ ఏడాది పంపకపోతే పిల్లవాడు వెనకబడిపోతాడన్నదేగా మీ దిగులు? పడడు. ఇరవై రెండేళ్లకు మొదలుపెట్టి విమానాలు నడుపుతున్నవాళ్లు బోలెడుమంది. డిగ్రీలో చేర్పించి, ఈలోగా డీజీసీఏ క్లాస్ 2 మెడికల్ (పైలట్‌కు మొదటి ఆరోగ్య పరీక్ష), ఆ వెంటనే కమర్షియల్ లైసెన్సుకు కావలసిన క్లాస్ 1 చేయించండి. కళ్లజోడు ఉన్నా కంగారు లేదు, పవర్ పరిమితిలో ఉంటే ఒప్పుకుంటారు. ఆ రెండు కాగితాలూ చేతికొచ్చేదాకా పొలానికి బేరం ఆపండి.