పాత హీరోలకు జట్టు అప్పగించవచ్చా?

ప్రశ్న: ఫుట్‌బాల్ క్లబ్బులు తమ పాత ఆటగాళ్లనే తెచ్చి మేనేజర్లుగా కూర్చోబెట్టడం సరైనదేనా? క్లబ్బు మీద ప్రేమ ఉన్నవాడు నడిపితే మంచిదేగా అని నా వాదన. మా తమ్ముడేమో పిర్లో, లాంపార్డ్ పేర్లు చెప్పి అదంతా శుద్ధ దండగ అంటాడు. ఇంట్లో ఈ గొడవ తెగట్లేదు, మీరెవరి వైపు?
– గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: కొంచెం మీ తమ్ముడి వైపే మొగ్గుతాను గానీ, పాత ఆటగాళ్లు అసలు పనికిరారంటే మాత్రం ఒప్పుకోను. ఆట మానేసిన రోజుకీ మేనేజర్ కుర్చీలో కూర్చున్న రోజుకీ మధ్య అతను ఎక్కడున్నాడు, ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాడు? క్లబ్బులు చూడాల్సింది ఇదీ, చూడనిదీ ఇదే.

పిర్లో సంగతే తీసుకోండి. 2020 జులై చివర్లో, అతను ఒకప్పుడు ఆడిన ఇటలీ క్లబ్బు యువెంటస్ అతన్ని తమ అండర్-23 జట్టుకు కోచ్‌గా ప్రకటించింది. ఆ కుర్రాళ్లతో ఒక్క మ్యాచ్ కూడా ఆడించకముందే, పది రోజులైనా తిరక్కుండా, అప్పటి మేనేజర్ సర్రీని తీసేసి ఏకంగా పెద్ద జట్టును పిర్లో చేతిలో పెట్టేశారు. అప్పటికి అతని కోచింగ్ లైసెన్స్ చదువే పూర్తి కాలేదు, సెప్టెంబరులో గానీ పట్టా చేతికి రాలేదు. వరసగా తొమ్మిదేళ్లు ఇటలీ లీగ్ గెలిచిన జట్టు, రొనాల్డో ఉన్న జట్టు, ఆ సీజన్‌లో నాలుగో స్థానానికి పడిపోయింది, ఆ నాలుగో స్థానం కూడా ఆఖరి రోజున దక్కింది. ఇటాలియన్ కప్పు గెలిచాడు, నిజమే, అయినా సీజన్ అయిపోగానే పంపించేశారు. ఆడే రోజుల్లో బంతి కాలికి తగలకముందే ఎవరికి పాస్ ఇవ్వాలో పిర్లోకి తెలిసిపోయేది. తనకు కనిపించేది ఇరవై ఏళ్ల కుర్రాడికి కూడా కనిపించేలా చెప్పడం వేరే విద్య, దానికి సాధన కావాలి, ఆ సాధన చేసుకునే వీలే క్లబ్బు అతనికి ఇవ్వలేదు. నాకు కోపం పిర్లో మీద కాదు, ఆ నిర్ణయం తీసుకున్న పెద్దల మీద.

తమ పాత ఆటగాడు గార్డియోలా విషయంలో బార్సిలోనా ఇంత తొందరపడలేదు. 2007లో అతనికి ఇచ్చింది రెండో జట్టు, అప్పుడది స్పెయిన్‌లో నాలుగో అంచె లీగ్‌లో ఉంది. ఏడాది పాటు అక్కడ పనిచేసి దాన్ని పై అంచెకు తెచ్చాకే 2008లో పెద్ద జట్టు బాధ్యత వచ్చింది, మొదటి సీజన్‌లోనే లీగ్, కప్పు, యూరప్ మేటి క్లబ్బులు పోటీపడే ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలిచాడు. జిదాన్ కూడా అంతే. 2013-14లో తన పాత క్లబ్బు రియల్ మాడ్రిడ్‌లో అప్పటి మేనేజర్ ఆంచెలోటి పక్కన సహాయకుడిగా కూర్చున్నాడు, తర్వాత ఆ క్లబ్బు రెండో జట్టును నడిపాడు, 2016 జనవరిలో పెద్ద జట్టుకు వచ్చి వరసగా మూడు ఛాంపియన్స్ లీగ్‌లు అందుకున్నాడు. ఆ డ్రెస్సింగ్ రూమ్‌లో జిదాన్ మాటకు ఎదురుండేది కాదు, ఆడిన పేరు అక్కడ బాగానే పనికొచ్చింది, కాదనను. కానీ పేరు వల్ల మొదటి నెల మాట వింటారు, ఆ తర్వాత కూడా వినాలంటే మంగళవారం ప్రాక్టీసులో చెప్పింది శనివారం మ్యాచ్‌లో నిజం కావాలి.

లాంపార్డ్ కథ మాత్రం మీ తమ్ముడు చెప్పినంత తేలిగ్గా తేలేది కాదు. 211 గోల్స్‌తో చెల్సీ చరిత్రలోనే ఎక్కువ గోల్స్ చేసినవాడు, డర్బీలో ఒక్క సీజన్ మేనేజర్‌గా చేసి 2019లో తిరిగొచ్చాడు. క్లబ్బు మీద అప్పుడు ఆటగాళ్లను కొనకూడదన్న నిషేధం ఉంది, హజార్డ్ వెళ్లిపోయాడు. మౌంట్, ఏబ్రహం, రీస్ జేమ్స్ లాంటి అకాడమీ కుర్రాళ్లను నమ్ముకుని జట్టును నాలుగో స్థానంలో నిలబెట్టాడు. మరుసటి ఏడాది కోట్లు పోసి కొత్తవాళ్లను తెచ్చాక జట్టు కుదురుకోలేదు, 2021 జనవరిలో తీసేశారు. టూహెల్ వచ్చి వెనక ముగ్గురు డిఫెండర్లను పెట్టాడు, లాంపార్డ్ పక్కన కూర్చోబెట్టిన రూడిగర్‌ను మళ్లీ జట్టుకు మూలస్తంభం చేశాడు, అదే ఏడాది మే నెలలో అదే ఆటగాళ్లతో ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. ఫైనల్లో హావెర్ట్స్ కొట్టిన ఏకైక గోల్‌కి పాస్ ఇచ్చింది ఎవరో తెలుసా? మౌంట్. డర్బీకి అరువు తెచ్చుకుని ఆడించి, చెల్సీలో రోజూ ఆడే స్థాయికి తెచ్చింది లాంపార్డే. అంటే అతనికి కుర్రాళ్లను నమ్మే గుండె ఉంది, నిండు జట్టును సర్దుకునే అనుభవం లేదు, అది ఇంకెక్కడో మూడు నాలుగేళ్లు చేస్తే వచ్చేది.

ఇక పాతవాళ్లనే ఎందుకు తెస్తారంటారా? సగం సార్లు అది యాజమాన్యం తనకోసం చేసుకునే పని. ఫ్యాన్స్ మండిపడుతున్నప్పుడు వాళ్లు నెత్తిన పెట్టుకునే మనిషిని ముందు నిలబెడితే స్టేడియంలో తిట్లు కొన్నాళ్లు ఆగుతాయి. మాంచెస్టర్ యునైటెడ్ 2018 డిసెంబరులో మొరీన్యోని తీసేసి సోల్‌షార్‌ను తాత్కాలికంగా తెచ్చింది. 1999 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో యునైటెడ్ తరఫున బయెర్న్ మీద ఆఖరి క్షణంలో గోల్ కొట్టిన మనిషి కదా, ఊరంతా సంబరం. పారిస్‌లో పీఎస్‌జీని 3-1తో ఓడించిన ఊపులో, సీజన్ ముగిసేదాకా కూడా ఆగకుండా మార్చిలోనే మూడేళ్ల కాంట్రాక్టు రాసిచ్చారు. రెండు నెలలు ఆగితే ఏం పోయేది? మూడో స్థానం, రెండో స్థానం, యూరప్‌లో రెండో స్థాయి పోటీ యూరోపా లీగ్ ఫైనల్ దాకా తెచ్చాడు, కప్పు ఒక్కటీ రాలేదు, 2021 నవంబరులో వాట్‌ఫర్డ్ చేతిలో 4-1 ఓటమి తర్వాత కళ్లలో నీళ్లతో వీడ్కోలు చెప్పాడు. ఆడినప్పుడు సంపాదించుకున్న ప్రేమంతా పణంగా పెట్టింది అతను, తప్పుడు కొనుగోళ్లు చేసినవాళ్లు ఆ రోజుకి కుర్చీల్లోనే ఉండిపోయారు.

కాబట్టి మీ ప్రేమ వాదన ఓడిపోలేదు గానీ, ఆ ప్రేమను ఎవరు వాడుకుంటున్నారో కూడా చూడండి.

ప్రశ్న: మన దేశంలో దీనికి ఉదాహరణలున్నాయా?
– సికింద్రాబాద్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ ఊరి నుంచే మొదలవుతుందమ్మా. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ విజేతను చేసిన సయ్యద్ అబ్దుల్ రహీం పెద్ద పేరున్న ఆటగాడేం కాదు, బడిలో మాస్టారు. 1951, 1962 ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకాలు తెచ్చిన కోచ్ ఆయనే. 1962 జకార్తా ఫైనల్లో, తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరసలో ఆడించాడు, అతను గోల్ కొట్టాడు. అంతకు ముందు మొదటి గోల్ పీకే బెనర్జీది.

ఆ పీకే జీవితమంతా దాదాపు ఈస్టర్న్ రైల్వేకే ఆడాడు, ఈస్ట్ బెంగాల్‌కి గానీ మోహన్ బగాన్‌కి గానీ ఆడలేదు, కానీ 1970లలో ఆ రెండింటినీ ఏలిన కోచ్ ఆయనే. పాత ఆటగాడు వచ్చి గెలిపించిన ఉదాహరణా ఉంది. పీకే చేతికింద ఆడిన సుభాష్ భౌమిక్ తన పాత క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌ను 2003లో జకార్తాలో ఆసియాన్ క్లబ్ ఛాంపియన్‌గా నిలబెట్టాడు. ఏ జెర్సీ వేశారన్నదాని కంటే ఎవరి దగ్గర నేర్చారన్నదే నాకు ఇక్కడ ముఖ్యంగా కనిపిస్తోంది.

ప్రశ్న: ఆడుతూనే మేనేజర్‌గా చేసేవాళ్లు ఇప్పుడు కనపడరెందుకు?
– నెల్లూరు నుంచి ఒక విద్యార్థి

జవాబు: ఒకప్పుడు బాగానే నడిచింది. డాల్‌గ్లీష్ 1985-86లో లివర్‌పూల్‌ని అలాగే నడిపి లీగ్, ఎఫ్‌ఏ కప్ రెండూ గెలిచాడు, లీగ్ ఖాయం చేసిన గోల్ కూడా చెల్సీ మైదానంలో తనే కొట్టాడు. ఇప్పుడు మేనేజర్ పక్కన డజను మంది సహాయకులు, వీడియోలు, లెక్కలు, రోజూ ప్రెస్ టెన్షన్, ఐదు సబ్‌స్టిట్యూషన్లు. 2019లో కొంపనీ తన సొంత క్లబ్బు ఆండర్‌లెక్ట్‌కి ఆటగాడిగానూ మేనేజర్‌గానూ వెళ్లి, నాలుగు మ్యాచుల్లో గెలుపు లేకపోయేసరికి మ్యాచ్ రోజు బాధ్యత సహాయకుడికి అప్పగించాడు. మరుసటి ఏడాది ఆట మానేశాకే పూర్తి స్థాయి మేనేజర్ అయ్యాడు.