ఫిక్స్‌డ్ గేర్ సైకిల్‌కి బూట్లు, పట్టీలు, మిగతా సామాను: అమ్మలుకి బాబాయి ఉత్తరం

అమ్మలూ,

ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ కొనుక్కున్నానని, ఇక రోజూ పనికి దాని మీదే వెళ్తానని రాశావు. బూట్లేవి తీసుకోవాలి, ఇంకేం సామాను కావాలి అని అడిగావు. బూట్ల సంగతి ముందే అడగడం చాలా మంచి పని. చాలామందికి అది ఆఖర్న గుర్తొస్తుంది.

ఒక్క సంగతి మనసులో పెట్టుకో. నీ సైకిల్‌కి ఫ్రీవీల్ లేదు. వెనక చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి. నువ్వు కాళ్ళు బిగబడితే చక్రం నెమ్మదిస్తుంది, పట్టు చాలకపోతే చక్రమే నీ కాళ్ళను తిప్పేస్తుంది. అంటే నీ పాదాలే వెనక బ్రేకు. పాదానికీ పెడల్‌కీ మధ్య ఉండే బూటు, పట్టీ రెండూ బ్రేకు సామాన్లే. వాటి రంగు, సోకు తర్వాత చూసుకోవచ్చు. బ్రేకు ఎంత జాగ్రత్తగా కొంటామో వాటినీ అలాగే కొనాలి.

అలాగని ముందు బ్రేకు అక్కర్లేదనుకోకు. సైకిల్ ఆగేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది. అందుకే కాళ్ళతో ఎంత బిగబట్టినా, చక్రాన్ని తిరగనీయకుండా పట్టేసి నేల మీద జార్చినా (దీన్నే స్కిడ్ అంటారు), ముందు బ్రేకు పట్టినంత దగ్గర్లో సైకిల్ ఆగదు. పైగా చైను ఊడినా, పట్టీ తెగినా వెనక బ్రేకు మొత్తం ఒక్కసారే పోతుంది. బ్రిటన్‌లో 1983 నాటి నిబంధనలే ఫిక్స్‌డ్ సైకిల్‌కి ముందు చక్రం మీద పనిచేసే బ్రేకు ఉండి తీరాలంటాయి. నీ సైకిల్‌కి అది లేకపోతే బూట్ల డబ్బు ముందు దానికి పెట్టు.

ఇక పట్టీలు. పట్టీ లేని పెడల్ మీద ఏం జరుగుతుందో లెక్క చూడు. ముందు పళ్ళ చక్రానికి (చైన్‌రింగ్) 46 పళ్ళు, వెనకదానికి (కాగ్) 17 పళ్ళు, 28 మి.మీ. టైరు అయితే పెడల్ ఒక చుట్టుకు సుమారు 5.75 మీటర్లు పోతావు. దిగుడులో 40 కి.మీ. వేగం అందుకుంటే పెడళ్ళు నిమిషానికి 115 సార్లు తిరుగుతాయి. ఆ వేగంలో పాదం జారితే మళ్ళీ పెడల్ మీద పెట్టడం దాదాపు కుదరదు. పెడల్ తిరిగి వచ్చి మోకాలి కింద ఎముకను కొడుతుంది. కాబట్టి ఇంటి పక్క వీధిలో నేర్చుకుంటున్నా సరే, పట్టీ లేకుండా ఎక్కవద్దు.

పాదాన్ని పట్టి ఉంచే ఏర్పాట్లు మూడు రకాలు. వెడల్పు వెల్క్రో పట్టీలు, బూటు ముక్కును పట్టి ఉంచే లోహపు టో క్లిప్పుతో తోలు పట్టీ, క్లీటుతో (బూటు అడుగున బిగించే కొక్కెం లాంటి ముక్కతో) పెడల్‌కి తగులుకునే బూటు. నీకు నేను మొదటిదే చెబుతాను. రోజూ వేసుకునే బూట్లతో సరిపోతుంది, పాదం వెడల్పున పట్టి ఉంచుతుంది, మడమ తిప్పితే వదిలేస్తుంది.

వీటికి వెడల్పైన, పట్టీ దూర్చడానికి సందులున్న ప్లాట్‌ఫారం పెడల్ కావాలి. పెడళ్ళు విప్పాలంటే 15 మి.మీ. స్పానర్ పడుతుంది. కొన్నిటికి లోపలి వైపు నుంచి 6 లేదా 8 మి.మీ. ఎలెన్ కీ వాడాలి. కుడి పెడల్ మామూలు మర, ఎడమది ఎదురు మర, అంటే ఎడమకు తిప్పితే బిగిసేది. విప్పేటప్పుడు రెండిట్లోనూ స్పానర్ పిడిని పైకి నిలిపి, వెనక చక్రం వైపు తిప్పితే వదులవుతుందని గుర్తుపెట్టుకో, తికమక ఉండదు. బిగించే ముందు మరలకు కాస్త గ్రీజు రాయి. మొదటి నాలుగైదు చుట్లు చేత్తోనే తిప్పు. చేత్తో తిరగడంలేదంటే మర వంకరగా ఎక్కుతోందన్నమాట. అప్పుడు స్పానర్‌తో బలవంతం చేస్తే క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) మర పాడైపోతుంది.

పట్టీ కొలత నువ్వు నిజంగా వేసుకునే బూటుతోనే సరిచూసుకో. బొటనవేలి మొదట్లో ఉండే బొడిపె ఎముక పెడల్ ఇరుసు మీదకు రావాలి. మడమ కాస్త బయటికి తిప్పి పాదం లోపలికి దూర్చు, తర్వాత మడమను తిన్నగా చెయ్యి. తిన్నగా అయ్యేకొద్దీ పట్టీ బిగుసుకోవాలి. ఇప్పుడు గోడ పట్టుకుని, ముందు బ్రేకు నొక్కి ఉంచి, క్రాంకులు రెండూ నేలకు సమాంతరంగా పెట్టి, వెనక పాదాన్ని గట్టిగా పైకి లాగు. బూటు అడుగు అట్టకీ పెడల్‌కీ మధ్య సందు కనబడితే పట్టీ వదులు. ఆ తర్వాత మడమ బయటికి తిప్పి వెనక్కి లాగు. ఒక్క ఊపులో పాదం బయటికి రావాలి. రాకపోతే పట్టీ మరీ బిగువు. ఈ రెండు పరీక్షలూ నెగ్గిన కొలతే నీ కొలత. మందం మేజోళ్ళు వేసినా, బూట్లు మార్చినా మళ్ళీ సరిచూసుకో.

టో క్లిప్పులే వాడదలిస్తే రెండు మాటలు. క్లిప్పు కొనకీ బూటు ముక్కుకీ మధ్య నాలుగైదు మి.మీ. ఖాళీ ఉండేలా సైజు తీసుకో, లేకపోతే ప్రతి తొక్కుకీ వేళ్ళు నొక్కుకుంటాయి. తోలు పట్టీని పెడల్ లోపల ఒక మెలిక తిప్పి దూర్చు, బకిల్ బయటి వైపు ఉండాలి. మెలిక లేకపోతే లాగినప్పుడల్లా పట్టీ జారి బకిల్ పెడల్ కిందికి వెళ్ళిపోతుంది. తోలు తడిస్తే సాగుతుంది కనుక వానలో తడిసిన మర్నాడు బిగువు చూసుకోవడం మరిచిపోవద్దు.

ఇప్పుడు బూట్లు. అన్నిటికన్నా ముందు అట్ట గట్టిదనం. ఒక చేత్తో మడమ, ఇంకో చేత్తో ముక్కు పట్టుకుని వంచు. వేళ్ళ దగ్గర కాస్త వంగితే ఫర్వాలేదు, నడవాలి కదా. నడిమిన మడిచినట్టు వంగితే పక్కన పెట్టెయ్. అట్ట మెత్తనైతే పెడల్ అంచులు అరికాల్లో గుచ్చుకుంటాయి, అరగంటకల్లా పాదం వంపులో నొప్పి పుడుతుంది. పరుగు బూట్లు ఇందుకే వద్దంటాను. వాటి ఫోమ్ తొక్కినప్పుడల్లా అణుగుతుంది, అణిగినంత మేరా పట్టీ వదులవుతుంది. నిలబడి పరీక్షించినప్పుడు బిగువుగా ఉన్నది రోడ్డు మీద బిగబట్టేసరికి లేచిపోతుంది. మడమ దగ్గర బయటికి ఉబ్బిన అట్ట క్రాంకుకు రాసుకుంటుంది. వాటి జాలీ గుడ్డ పట్టీ రాపిడికి చిటికెన వేలి దగ్గర త్వరగా చిరుగుతుంది.

ప్లాట్‌ఫారం పెడళ్ళకు బల్లపరుపు రబ్బరు అట్ట ఉన్న స్కేట్ బూట్లు బాగా నప్పుతాయి. పక్కలు స్వెడ్ తోలువైతే పట్టీ రాపిడిని తట్టుకుంటాయి. లోతైన గాళ్ళున్న అట్ట వద్దు, దూర్చేటప్పుడూ తీసేటప్పుడూ ఆ గాళ్ళు పట్టీ అంచుకి తగులుకుంటాయి. ముక్కు పల్చగా ఉండాలి. ఎత్తు ముక్కు బూటైతే పాదం దూర్చాలని పట్టీ వదులు చేస్తావు, అక్కడితో పరీక్ష పోయినట్టే. మడమ పట్టు గట్టిగా ఉండాలి. వెనక పాదాన్ని పైకి లాగినప్పుడు బూటు పెడల్ మీదే ఉండి మడమ మాత్రం లేస్తోందంటే ఆ బూటు నీకు పనికిరాదు. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొలత చూసుకో. వెడల్పు చాలకపోతే పట్టీ నొక్కుడుకు చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంది. అలాగని ఒక సైజు పెద్దది మాత్రం తీసుకోకు.

పెద్ద బూటు ఎందుకు వద్దంటే, ముందు చక్రం తగులుతుంది. క్రాంకును ముందుకు సమాంతరంగా పెట్టి, పాదం పట్టీలో ఉంచి, హ్యాండిల్‌ని మెల్లగా రెండు వైపులా తిప్పి చూడు. బూటు ముక్కు టైరుకు తగిలితే, నెమ్మదిగా ఇరుకు మలుపు తిరిగేటప్పుడు పడిపోతావు. మామూలు సైకిల్ మీదైతే కాలు వెనక్కి పెట్టుకుని మలుపు తిరగొచ్చు. దీని మీద కాలు ఎక్కడికి వెళ్ళాలో చక్రమే చెబుతుంది. సన్నగా తగులుతుంటే ముక్కు పొట్టిదైన బూటు, పొట్టి క్లిప్పు, సన్నటి టైరు ఉపయోగపడతాయి. 170 మి.మీ. క్రాంకులుంటే 165కి మార్చితే మలుపులో పెడల్ నేలకు కొట్టుకునే ప్రమాదం కూడా తగ్గుతుంది.

లేసుల దగ్గర మాత్రం నా మాట అక్షరాలా విను. లేసు కొస చైనులో పడితే మామూలు సైకిల్ మీద కాలు ఆపేస్తాం. ఇక్కడ ఆపేందుకు లేదు, చైను బూటును చైన్‌రింగ్‌లోకి లాక్కుంటూనే ఉంటుంది. కుడి బూటు ముడి మధ్యలో కాకుండా బయటి వైపుకి జరిపి, రెండు ముళ్ళు వేసి, ఉచ్చులూ కొసలూ అడ్డంగా పోయే లేసుల కిందికి దోపెయ్. లేసుల మీద మూసుకునే వెల్క్రో మూత ఉన్న బూటు దొరికితే ఇంకా మేలు. ప్యాంటు కుడి కాలు మడిచి గాని, చీలమండ దగ్గర పట్టీ చుట్టి గాని కట్టు. మెడలో వేలాడే స్కార్ఫు, బ్యాగు నుంచి జారే పట్టీ, ఇవీ అంతే ప్రమాదం.

కొన్నాళ్ళు తొక్కాక క్లీటు బూట్ల మీదికి మనసు పోతే, రెండు బోల్టులతో బిగించే ఎస్‌పీడీ రకం (షిమానో కంపెనీ పద్ధతి) తీసుకో. క్లీటు అట్టలోపలికి కూరుకుని ఉంటుంది కాబట్టి నడవొచ్చు. మూడు బోల్టుల రోడ్ క్లీటు అట్ట కింద పొడుచుకుని ఉంటుంది, మెట్ల మీద జారుతుంది. షిమానో క్లీట్లలో ఎస్‌హెచ్ 51, ఎస్‌హెచ్ 56 అని రెండున్నాయి. రెండోది కొత్తవాళ్ళకని ఎటు లాగినా వదిలేలా చేసింది, గట్టిగా పైకి లాగితే కూడా ఊడొచ్చు. ఫిక్స్‌డ్ మీద ఆగేటప్పుడు నువ్వు చేసేది సరిగ్గా పైకి లాగడమే. కనుక మడమ పక్కకి తిప్పితేనే వదిలే 51 తీసుకో. బోల్టులకు గ్రీజు రాసి 4 మి.మీ. కీతో 5 నుంచి 6 న్యూటన్ మీటర్ల వరకు బిగించు. క్లీటు వదులైతే మడమ తిప్పినప్పుడు బూటు కింద క్లీటే తిరుగుతుంది తప్ప పాదం బయటికి రాదు. వారం తొక్కాక ఒకసారి మళ్ళీ బిగించు.

చైనూ కాగ్గూ నీ వెనక బ్రేకులో మిగతా సగం. కాగ్ మామూలు మర మీద ఎక్కుతుంది, దాని పైన లాక్‌రింగ్ అనే బిగింపు వలయం ఎదురు మర మీద బిగుస్తుంది. బిగబట్టినప్పుడు కాగ్ విప్పుకోవాలని చూస్తుంది, ఎదురు మర కాబట్టి లాక్‌రింగ్ దాన్ని ఆపుతుంది. కొత్త కాగ్ వేయించాక ఒక ఎత్తు గట్టిగా ఎక్కి, లాక్‌రింగ్ మళ్ళీ బిగించాలి. నీ సైకిల్ పాత హబ్‌ని (చక్రం నడిమి భాగాన్ని) మార్చి కట్టిందైతే ఆ ఎదురు మర అసలు ఉందో లేదో ముందు చూపించు. లేకపోతే హబ్ మార్చాల్సిందే. చైను మధ్యలో వేలితో నొక్కితే పైకీ కిందికీ కలిపి సుమారు ఒక సెంటీమీటరు ఆడాలి. క్రాంకును పావు చుట్టు చొప్పున తిప్పుతూ, బాగా బిగువుగా ఉన్న చోట ఈ కొలత చూడు. మరీ బిగువైతే బేరింగులు అరుగుతాయి. వదులైతే గుంతలో చైను ఊడి వెనక చక్రం పట్టేయొచ్చు. చక్రం తిరుగుతుండగా చైను మీద గుడ్డ పెట్టి తుడవడం మాత్రం ఎన్నడూ చెయ్యకు. గుడ్డతోపాటు వేళ్ళూ పళ్ళలోకి పోతాయి, చక్రం వెంటనే ఆగదు.

స్కిడ్ నేర్చుకుంటే వెనక టైరు అరుగుతుంది. ఎంత త్వరగా అన్నది పళ్ళ లెక్కలో ఉంది. ముందు 48, వెనక 16 అయితే పెడల్ ఒక చుట్టుకు చక్రం సరిగ్గా మూడు చుట్లు. ఒకే కాలు ముందుంచి స్కిడ్ చేస్తే టైరు ఎప్పుడూ ఒకే చోట నేలకు రాసుకుంటుంది, అక్కడ త్వరలోనే దారాలు తేలతాయి. 46, 16 అయితే ఎనిమిది చోట్ల అరుగుతుంది. 46, 17 అయితే పదిహేడు చోట్ల. ముందు పళ్ళ అంకె పైన, వెనక పళ్ళ అంకె కింద పెట్టి భిన్నంగా రాసి కుదించు, కింద మిగిలిందే ఆ సంఖ్య. ఊళ్ళో తొక్కడానికి 46, 17 బాగుంటుంది.

మిగతావి క్లుప్తంగా. హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ళ పైన కూర్చోవాలి, యూరప్ వారి ఈఎన్ 1078 లేదా అమెరికా వారి సీపీఎస్‌సీ భద్రతా గుర్తు ఉండాలి. అరచేతి దగ్గర మందంగా ఉన్న చేతిగ్లోవ్స్ తీసుకో, బిగబట్టినప్పుడు బరువంతా చేతుల మీదికి వస్తుంది. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు. యూ తాళం నడుము వెనక దోపుకోకు, పడితే వెన్నెముక మీద పడుతుంది. ఫ్రేముకి బిగించు, లేదా బ్యాగులో అడ్డంగా పెట్టు. ఒంటి పట్టీ బ్యాగైతే ఛాతీ మీద రెండో పట్టీ ఉన్నది చూడు, లేకపోతే పక్కకి జారి మోకాలికి అడ్డం వస్తుంది. వెనక చక్రం నట్లతో ఉంటుంది కాబట్టి 15 మి.మీ. స్పానర్ లేకుండా బయల్దేరితే, ట్యూబు, లివర్లు, పంపు ఉన్నా పంక్చర్ వేసుకోలేవు.

సిగ్నల్ దగ్గర ఒక పాదం పట్టీలోనే ఉంచు. బయల్దేరే ముందు ముందు బ్రేకు నొక్కి, బరువు హ్యాండిల్ మీద వేసి వెనక చక్రం కాస్త లేపి, పట్టీలో ఉన్న పాదంతో క్రాంకును గడియారంలో రెండు గంటల ముల్లు చోటికి తెచ్చుకో. రెండో పాదం వెంటనే దూరకపోతే కళ్ళు కిందికి దించి వెతకొద్దు. పెడల్ అడుగు వైపే తొక్కుతూ కూడలి దాటి, రోడ్డు ఖాళీ అయ్యాక, పెడల్ పైకి వచ్చే క్షణాన కాలి వేళ్ళతో తిప్పి దూర్చు. పట్టీ కుట్లు పోగులు లేచినా, వెల్క్రో దుమ్ము పట్టి చరచరలాడకపోయినా రెండు పట్టీలూ కలిపి ఒకేసారి మార్చెయ్. బూటు కొన్నాక పట్టీ పరీక్షలు రెండూ చేసి, ఏం తేలిందో రాయి.

నీ బాబాయి