21 వేల ర్యాంకుతో ఏ ఇంజనీరింగ్ కళాశాలలో చేరాలి? చేరాక ఏం చేయాలి?

మీ అమ్మాయికి ఈఏపీసెట్‌లో 21 వేల ర్యాంకు వచ్చిందని, తనకు ఎలక్ట్రికల్ ఇష్టమని, చుట్టాలంతా మాత్రం ఏ కళాశాలైనా సరే కంప్యూటర్ సైన్సే తీసుకోమంటున్నారని రాశారు. 2011లో మా ఇంట్లోనూ ఇదే మాట నడిచింది. అప్పట్లో ఎవరైనా నాకు చెప్పి ఉంటే బాగుండేది అనిపించే సంగతులు రాస్తున్నాను.

మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న ఊరు. సర్టిఫికెట్ల పరిశీలన పూర్తయ్యాక నాన్న, నేను నెట్ సెంటరుకు వెళ్లాం. అక్కడి కుర్రాడి దగ్గర ఒక జాబితా ఉంది. వచ్చినవాళ్లందరికీ అదే వరసలో ఆప్షన్లు (కోరుకున్న కళాశాలలు, బ్రాంచిల జాబితా) ఎక్కిస్తున్నాడు. నేను చేరాలనుకున్న ప్రభుత్వ కళాశాల పేరు చెబితే, "మీ ర్యాంకుకు అది రాదమ్మా, ఆప్షను వృథా" అన్నాడు. నమ్మి వదిలేశాం. నాకు ఒక ప్రైవేటు కళాశాలలో సీటు వచ్చింది. చేరిన చాలా రోజులకు చివరి ర్యాంకుల పట్టిక చూశాను. ఏ కళాశాలలో, ఏ బ్రాంచిలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో అందులో ఉంటుంది. నేను వదిలేసిన కళాశాలలో, నా రిజర్వేషన్ వర్గంలో, అమ్మాయిల కోటాలో నాకంటే వెనక ర్యాంకు అమ్మాయికి ఎలక్ట్రికల్ సీటు వచ్చింది. ఆ పట్టికలో అబ్బాయిలకూ అమ్మాయిలకూ వేర్వేరు గడులు ఉంటాయన్న సంగతి కూడా అప్పటిదాకా నాకు తెలియదు.

అందుకే ఈ ఒక్క విషయం ఇంటిల్లిపాదికీ అర్థమయ్యేలా చెప్పండి: పైన పెట్టిన ఆప్షను ఎప్పుడూ వృథా కాదు. మీ అమ్మాయి వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ ఆమె జాబితాను పైనుంచి చూసుకుంటూ వస్తుంది. మొదటి దానిలో సీటు లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. రాని కళాశాలను పైన పెట్టినంత మాత్రాన కింద ఉన్న సీటు చేజారదు. వచ్చే అవకాశాన్ని బట్టి కాకుండా, నిజంగా చేరాలన్న ఇష్టాన్ని బట్టి వరస పెట్టండి. ఇంకొకటి. కౌన్సెలింగ్ తర్వాతి విడతలో కొత్త సీటు వస్తే పాత సీటు దానంతటదే రద్దవుతుంది. కాబట్టి వస్తే చేరరు అనుకున్న కళాశాలను అసలు జాబితాలోనే ఉంచకండి.

బ్రాంచి విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అమ్మాయికి ఎలక్ట్రికల్ ఇష్టమైతే, ఓ మోస్తరు కళాశాలలో కంప్యూటర్ సైన్సు కంటే మంచి కళాశాలలో ఎలక్ట్రికల్ మేలు. ప్రాంగణ నియామకాలకు వచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీలలో చాలావరకు అన్ని బ్రాంచిల వాళ్లనూ రాయనిస్తాయి. విద్యుత్ సంస్థల్లో ఎలక్ట్రికల్ సహాయ ఇంజనీరు పోస్టుకు మాత్రం ఎలక్ట్రికల్ డిగ్రీ ఉన్నవాళ్లే అర్హులు. ఎలక్ట్రికల్ చదివి సాఫ్ట్‌వేర్‌కు వెళ్లడానికి దారి ఉంది, కంప్యూటర్ సైన్సు చదివి ఆ పోస్టుకు రావడానికి లేదు. నాలుగేళ్లు చదవాల్సింది చుట్టాలు కాదు కదా.

ఇక కళాశాలను చూడటం. నేనూ నాన్నా చూసింది బస్సులూ, గేటు పక్కన ఫ్లెక్సీ మీద పెద్ద జీతాలూ. మీరు మాత్రం మామూలు పనిదినాన మధ్యాహ్నం రెండు మూడు గంటల వేళ వెళ్లండి. ఆఫీసులో ఎవరినీ అడగకుండా క్యాంటీనులో మూడో సంవత్సరం ఎలక్ట్రికల్ పిల్లలను పలకరించండి. గడిచిన వారం ల్యాబులో ఏ ప్రయోగం చేశారో, ఆ యంత్రం నిజంగా తిరిగిందో, లేక సీనియర్ల రికార్డు చూసి అంకెలు రాశారో అడగండి. పిల్లలు దాచరు. మీ అమ్మాయినే అడగనివ్వండి, ఇంకా బాగా చెబుతారు.

ఇంట్లో కూర్చుని చూడగలిగినవి రెండు ఉన్నాయి. ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) గుర్తింపు కళాశాల మొత్తానికి కాదు, బ్రాంచి వారీగా ఇస్తారు. ఎలక్ట్రికల్‌కు ఉందా, గడువు ఇంకా నడుస్తోందా చూడండి. రెండోది, కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగుకు దరఖాస్తు చేసే కళాశాలలు తాము పంపిన వివరాలను తమ వెబ్‌సైటులోనే పెట్టాలి. అందులో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ వేతనం ఎంత, ఎంతమంది పైచదువులకు వెళ్లారు అన్నీ ఉంటాయి. ఫ్లెక్సీ మీద ఉండేది ఒక్కరికి వచ్చిన అత్యధిక జీతం. మధ్యస్థ వేతనం అంటే ఉద్యోగం వచ్చినవాళ్లలో సగం మందికి అంతకంటే తక్కువే వచ్చిందన్నమాట. ఫ్లెక్సీ మీది అంకె పక్కనే ఈ అంకె పెట్టి చూస్తే చాలా భ్రమలు తొలగుతాయి.

చేరాక ఏం చేయాలని అడిగారు. నా మొదటి ఏడాది ఏడుపుతోనే గడిచింది. రెండో ఏడాది యంత్రాల ల్యాబులో డీసీ మోటార్లు ఎనిమిది ఉంటే తిరిగేవి రెండే. ఒక్కో దాని చుట్టూ పదిహేను మందిమి నిలబడేవాళ్లం. ఒకరోజు ల్యాబ్ అసిస్టెంటు గారిని అడిగాను, "సార్, ఆ పాడైపోయినవి ఒకసారి విప్పి చూడవచ్చా?" అని. ఆయన కాసేపు నా ముఖం చూసి, శనివారం మధ్యాహ్నం రమ్మన్నారు.

నలుగురం వెళ్లాం. మోటారు విప్పితే కమ్యుటేటర్ (తిరిగే భాగం మీద రాగి పట్టీలతో ఉండే ఉంగరం) నల్లగా మసిబారి ఉంది, దానికి ఆనుకుని విద్యుత్తు అందించే కార్బన్ బ్రష్షులు అరిగి చిన్న ముక్కలయ్యాయి. రుద్దడానికి నేను ఎమరీ కాగితం అందుకోబోతే ల్యాబ్ అసిస్టెంటు గారు ఆపేశారు. దాని పొడి రాగి పట్టీల మధ్య ఇరుక్కుంటే విద్యుత్తు అటూ ఇటూ పారుతుందట. ఉప్పు కాగితమే వాడాలన్నారు. కొత్త బ్రష్షు అడుగు కమ్యుటేటర్ వంపుకు అతికేదాకా రుద్దించారు. అదే రెండు గంటల పని. చీకటి పడుతుండగా స్విచ్ వేశాం. మోటారు తిరిగింది! ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. సెమిస్టరు పూర్తయ్యేసరికి ఇంకో మూడింటిని తిప్పగలిగాం.

ఆ శనివారాల తర్వాతే పుస్తకం తెరవాలనిపించింది. హాస్టల్లో ఐఐటీ ఆచార్యుల ఎన్‌పీటీఈఎల్ పాఠాలను ఒకరి పెన్‌డ్రైవ్ నుంచి ఇంకొకరం ఎక్కించుకుని చూశాం. మూడో ఏడాదిలోనే ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష పాత ప్రశ్నపత్రాలు మొదలుపెట్టాను. 2015లో గేట్ ర్యాంకుతో ఎంటెక్‌లో చేరాను. నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం రావడంతో నాన్నను మళ్లీ డబ్బు అడగలేదు. తర్వాత ఒక ఉద్యోగ ఇంటర్వ్యూలో బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు ఎందుకు వస్తాయని అడిగారు. పుస్తకంలోని కారణాలతో ఆపకుండా మేం విప్పిన మోటారు కథంతా చెప్పాను. ఆ ఉద్యోగంలోనే ఇప్పుడూ ఉన్నాను.

ఏ కళాశాలలోనైనా మా ల్యాబ్ అసిస్టెంటు గారి లాంటి మనిషి ఒకరు ఉంటారు. ల్యాబులోనో, గ్రంథాలయంలోనో, వర్క్‌షాపులోనో. మీ అమ్మాయిని మొదటి నెలలోనే వెతకమనండి. నేను ఏడాదిన్నర ఆలస్యంగా అడిగాను. ఆ ఏడాదిన్నర గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆప్షన్లు మాత్రం నెట్ సెంటరులో ఎవరిచేతా పెట్టించకండి. ముందుగా కాగితం మీద వరస రాసుకుని, పక్కన పోయిన ఏడాది చివరి ర్యాంకు వేసుకుని, అమ్మాయి చేతే ఎక్కించండి. మీ రిజర్వేషన్ వర్గమేమిటో, ఏ జిల్లా దాకా పంపగలరో ఇక్కడ రాస్తే ఆ కాగితం నేనూ ఒకసారి చూసి చెబుతాను. ఆప్షన్లు మార్చుకునే చివరి రోజుకు కనీసం రెండు రోజుల ముందు ఆ కాగితం ఇక్కడ పెట్టండి.