ఫోన్ యాప్‌లో పెద్ద అంకె వచ్చిన వీధినే ముందు బాగుచేయమని అడగాలా?

గుంటూరులో మీ కాలనీ సంఘం వాళ్లు స్కూటర్‌కి ఫోన్ తగిలించి ఆరు వీధులు తిరిగారు. యాప్ ప్రతి వీధికీ ఒక ఐఆర్‌ఐ (రోడ్డు గతుకుల అంతర్జాతీయ సూచీ) అంకె ఇచ్చింది. ఎక్కువ వచ్చిన వీధిని ముందు వేయమని కార్పొరేషన్‌కి అర్జీ పెట్టొచ్చా అన్నది మీ ప్రశ్న. అర్జీ పెట్టండి, కానీ ఆ వరసలో వద్దు.

ఎం.టెక్ ప్రాజెక్టుకి నేనూ గుంటూరులోనే ఈ పని చేశాను. మా దగ్గరున్నది మెర్లిన్ అనే గతుకులు కొలిచే పరికరం. పేరు గొప్పదే గానీ, చూడ్డానికి సైకిల్ చక్రం బిగించిన ఇనప చట్రం. రోడ్డు మీద ఆనే రెండు కొసల మధ్య 1.8 మీటర్లు, నడిమధ్యన కదిలే చిన్న కాలు. ఆ కాలు ఒక మిల్లీమీటరు లేస్తే పైన చార్టు మీద ముల్లు 10 మిల్లీమీటర్లు జరుగుతుంది. చక్రం ఒక చుట్టు తిరగ్గానే ఆపి, ముల్లు ఉన్నచోట ఒక గుర్తు పెట్టాలి. అలా 200 గుర్తులు. రెండు చివర్లా పదేసి వదిలేసి, మిగతావి ఎంత వెడల్పున పరుచుకున్నాయో మిల్లీమీటర్లలో కొలిచి, 0.0471తో గుణించి 0.593 కలిపితే ఐఆర్‌ఐ. ఆదివారం తెల్లారగట్ల బ్రాడీపేటలో దీన్ని తోసుకుంటూ పోతుంటే, సాన పట్టే బండి అనుకుని ఒక పెద్దావిడ కత్తిపీట పట్టుకొచ్చింది!

ఒక లైన్లో (వీధిలో) గుర్తుల వెడల్పు 110 వచ్చింది, అంటే ఐఆర్‌ఐ 5.8. మన దగ్గర వాడే బంప్ ఇంటిగ్రేటర్ (దారి పొడవునా చక్రం కుదుపులు కూడి చెప్పే పరికరం) లెక్కలోకి మారిస్తే కిలోమీటరుకు సుమారు 4,500 మిల్లీమీటర్లు. మంచి రకం తారు రోడ్డుకి 3,000 దాటితేనే 2004 నాటి ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) లెక్కలో ‘బాగాలేదు’ అని. ఇంకో లైన్లో 55 వచ్చింది, ఐఆర్‌ఐ 3.2. పర్వాలేదనుకున్నాం.

తర్వాత రెండూ నడిచి చూశాం. మొదటిదాంట్లో గతుకులన్నీ ఇంటింటి పైపు కనెక్షన్ల కోసం అడ్డంగా కోసి, సరిగా దిమ్మిస కొట్టకుండా పూడ్చిన కోతలవి. కోతకీ కోతకీ మధ్య తారు గట్టిగానే ఉంది. రెండోది నున్నగా ఉంది గానీ, చక్రాలు పోయే బాటలో మొసలి వీపులా పగుళ్లు. కింద నల్లరేగడి. పగుళ్లలోంచి నీళ్లు దిగితే అది ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. ఆ ఏటి వానలు వెళ్లాక చూస్తే నున్నటి లైన్లోనే గుంతలు తేలాయి. అంకె కుదుపు ఎంతో చెప్పింది, కారణం చెప్పలేదు.

ఇక మీ ఫోన్ సంగతి. ఐఆర్‌ఐ అంటే రోడ్డు ఎత్తుపల్లాల గీత మీద ఒక లెక్కల చక్రాన్ని 80 కిలోమీటర్ల వేగంతో నడిపించి తీసే అంకె. 1982లో బ్రెజిల్‌లో జరిగిన ప్రయోగాల నుంచి ప్రపంచ బ్యాంకు దాన్ని తయారుచేయించింది. మీ ఫోన్‌కి ఆ గీత కనపడదు, స్కూటర్ ఊగడమే తెలుస్తుంది. అరండల్‌పేటలో 15లో పోతే ఒక అంకె, 35లో పోతే ఇంకోటి. వెనక మనిషి కూర్చున్నా మారుతుంది.

కాబట్టి అదే స్కూటర్, అదే మనిషి, టైర్లలో అంతే గాలి, ఫోన్ కదలకుండా బిగించి, తెల్లవారుజామున 30 వేగంతో మూడుసార్లు తిరగండి. వీధి మొత్తానికి సగటు వద్దు, 50 మీటర్ల ముక్కలుగా చూడండి. స్పీడ్ బ్రేకర్లు, మ్యాన్‌హోల్ మూతలు విడిగా రాసుకోండి. కావాలని కట్టిన దిమ్మెని రోడ్డు తప్పుగా ఎలా లెక్కేస్తాం? కాగితం మీద ఐఆర్‌ఐ అని రాయకండి, ‘కుదుపు అంకె’ అనండి. ఐఆర్‌ఐ అని రాస్తే కార్పొరేషన్ ఇంజనీరు మొదట తప్పు పట్టేది దాన్నే.

ఆ తర్వాత ఆరు వీధులూ నడిచి, పగుళ్ల పక్కన పెన్ను పెట్టి ఫొటోలు తీయండి. కోతల వీధికి కోతలు తిరగదోడి దిమ్మిస కొట్టిస్తే చాలు, వీధి మొత్తానికి కొత్త తారు అడగొద్దు. పగుళ్ల వీధిని మాత్రం అంకె చిన్నదైనా పైన రాయండి. అదీ మృగశిర కార్తెకు ముందే. తడిసిన రోడ్డు మీద తారు అంటుకోదు.