కోచింగ్ ముందా, అడవి ముందా?

ప్రశ్న: మాది ఉప్పల్. మా అమ్మాయి సిద్దిపేట జిల్లా ములుగులోని ఫారెస్ట్ కాలేజీలో బీఎస్సీ ఫారెస్ట్రీ మూడో సంవత్సరం చదువుతోంది. ఫారెస్ట్ ఆఫీసర్లు, ప్లాంటేషన్ మేనేజర్లు వెళ్లే ఒక గైడెడ్ టూర్‌లో విద్యార్థులకూ చోటిస్తున్నారట. భద్రాచలం వైపు జామాయిల్ తోటలు, తర్వాత అమ్రాబాద్ టైగర్ రిజర్వు చూపిస్తారు. ఆ సెలవుల్లోనే ఐఎఫ్‌ఎస్ (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్) కోచింగ్‌లో చేర్పిద్దామని మేం అనుకున్నాం. అడవి చూడటానికి ఇంత ఖర్చు అవసరమా?

జవాబు: అవసరమేనండీ. కోచింగ్ పది రోజులు ఆలస్యమైనా సర్దుకోవచ్చు. అనుభవమున్న ఆఫీసర్ల పక్కన నడిచే అవకాశం చదువుకునే రోజుల్లో మళ్లీ మళ్లీ రాదు.

ఈ టూర్‌లో మీ అమ్మాయి ఒకదానికొకటి పొంతనలేని రెండు రకాల పనులు చూస్తుంది. జామాయిల్ తోటలో ప్రతిదీ దిగుబడి లెక్కే. కాగితపు గుజ్జు కోసం క్లోన్ మొక్కలు (ఒకే మేలైన చెట్టు కొమ్మల నుంచి పెంచినవి) వరుసల్లో నాటి, నాలుగైదేళ్లకు నరుకుతారు. మోడు నుంచి గుత్తులుగా వచ్చే పిలకల్లో ఒకటి రెండు బలమైనవి ఉంచి మిగతావి తీసేసి, మళ్లీ కోతకు పెంచుతారు. ఏ పిలక ఉంచాలో పనివాళ్లు చూడగానే చెప్పేస్తారు. అదెలాగో వాళ్లనే అడిగి తెలుసుకోమనండి. అమ్రాబాద్‌లో కలప ఊసే ఉండదు. ఎండలు ముదరకముందే ఫైర్ లైన్లు (మంటలు పాకకుండా గడ్డీ ఆకులూ తీసేసిన ఖాళీ పట్టీలు) తీయడం, వేసవిలో జంతువులు తాగే సాసర్ పిట్లలో (పళ్లెంలాంటి నీటి తొట్లలో) నీళ్లు నింపడం, జంతువు ఎదుటికి రాగానే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌లు, కాపలా సిబ్బంది ఉండే బేస్ క్యాంపులు. అక్కడ కాపలా పనిలో చెంచులు ఉంటారు. జంతువుల జాడ పట్టడం వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందే.

ఇక పరీక్ష మాట. ఐఎఫ్‌ఎస్ మెయిన్స్‌లో ఫారెస్ట్రీ ఆప్షనల్ తీసుకుంటే సిల్వికల్చర్ (అడవుల పెంపకం), చెట్ల కొలతలు, వర్కింగ్ ప్లాన్ (అడవి నిర్వహణ ప్రణాళిక) అన్నీ చదవాలి. చెట్టు చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో తీయాలని పుస్తకం చెబుతుంది. వాలు మీద చెట్టుకైతే ఆ ఎత్తు ఎగువ వైపు నుంచి చూడాలి, అంతకంటే కిందే చీలిన చెట్టును రెండు చెట్లుగా రాయాలి. టేపు పట్టుకుని నాలుగు చెట్లు కొలిస్తే ఇది ఇక మర్చిపోదు. ఇంటర్వ్యూకు 300 మార్కులున్నాయి, చూసిన అడవి గురించి మాట్లాడేవాళ్లకు అక్కడ ధైర్యం ఉంటుంది. అమ్మాయిలకు 4 గంటల్లో 14 కిలోమీటర్ల నడక పరీక్ష కూడా ఉంది, ఆ అలవాటూ ఇప్పటి నుంచే మొదలవుతుంది.

ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఐఎఫ్‌ఎస్ పోస్టులు దేశం మొత్తానికి ఈమధ్య ఏటా 150 లోపో, ఆ చుట్టుపక్కలో ఉంటున్నాయి. పాప ఆశ అదొక్కదాని మీదే పెట్టుకుంటే మీ అందరికీ టెన్షనే. రేంజ్ ఆఫీసర్ పోస్టులు, అటవీ అభివృద్ధి సంస్థ, పేపర్ మిల్లుల ఫార్మ్ ఫారెస్ట్రీ (రైతుల పొలాల్లో చెట్ల పెంపకం) విభాగాలు, నర్సరీలు కూడా ఈ చదువుకు దారులే. తోటి ప్రయాణికుల్లో ఆ ఉద్యోగాలు చేసేవాళ్లే ఉంటారు కాబట్టి బదిలీలు, క్వార్టర్లు, మహిళా ఆఫీసర్ల ఇబ్బందులు మొహమాటపడకుండా అడగమనండి. ఏ రోజుది ఆ రోజే నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఫొటోలతో సరిపెట్టుకోవద్దు.

ఫీజు కట్టేముందు మాత్రం నిర్వాహకులకు ఫోన్ చేయండి. అటవీశాఖ అనుమతి చేతిలో ఉందా, రాత్రి బస ఎక్కడ, వెంట మహిళా సిబ్బంది ఉంటారా, సిగ్నల్ లేని చోట మీకు కబురెలా అందుతుంది? వీటికి సూటిగా జవాబు రాకపోతే ఈ టూర్ వద్దు, కాలేజీ వాళ్లను అడిగి మరొకటి చూడండి.