మైనస్ మైనస్ ప్లస్ అనిపించే ముందు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల లెక్కలు మూడూ నీకే ఇచ్చారని రాశావు. బరువే గానీ, ఒక విధంగా నయం. ఆరులో పూర్ణ సంఖ్యలు, ఏడులో వాటి గుణకార భాగహారాలు, ఆ పైన అకరణీయ సంఖ్యలు (రుణ సంఖ్యలూ కలిసిన భిన్నాలు), అన్నీ ఒకే చేతి మీదుగా నడుస్తాయి. కింది తరగతిలో సరిగ్గా చెప్పలేదని అనే వీలు మాత్రం నీకుండదు.

−3 − 5 కి పిల్లలు 8 అని రాస్తున్నారని అడిగావు కదా. అక్కణ్ణించే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ పాఠంలో వచ్చే తప్పుల్లో సగం ఆ ఒక్క దాని చుట్టాలే. మనం "మైనస్ ఇంటూ మైనస్ ప్లస్" అని చెప్తాం. వారం తిరక్కుండా పిల్లల నోట్లో "ఇంటూ" రాలిపోయి "మైనస్ మైనస్ ప్లస్" మిగులుతుంది. ఆ తర్వాత రెండు మైనస్‌లు ఎక్కడ కనపడితే అక్కడ ప్లస్ పెట్టేస్తారు. పిల్లవాడు బద్ధకించి చేసిన తప్పు కాదది, మనం ఇచ్చిన సూత్రాన్ని శ్రద్ధగా పాటించి చేసిన తప్పు. అందుకే ఆ మాట ఏడో తరగతి గుణకారం దాకా నీ నోట రానివ్వకు. కూడిక, తీసివేత పూర్తిగా వేరే దారిలో నేర్పు.

మొదట సంఖ్యారేఖ. బోర్డు మీద కాదు, వరండాలో సుద్దతో గియ్యి. −10 నుంచి +10 దాకా 21 గీతలు, మధ్య 20 ఖాళీలు. ఒక్కో ఖాళీకి పిల్లల పెద్ద స్కేలు పొడవు, అంటే 30 సెంటీమీటర్లు పెడితే మొత్తం 6 మీటర్లు వస్తుంది. సున్నా ముందు గియ్యి, తర్వాత రెండు వైపులకీ వెళ్ళు. ఒక పిల్లని 3 మీద నిలబెట్టి 4 కలపమను. కొందరు నిలబడ్డ గీతనే "ఒకటి" అని లెక్కపెట్టి 6 దగ్గర ఆగుతారు. లెక్కపెట్టాల్సింది గీతల్ని కాదు, వేసిన అడుగుల్ని. ఈ సంగతి కాళ్ళతో తేలిపోతే నోటుబుక్కులో మళ్ళీ చెప్పే పనుండదు.

ఏది పెద్ద, ఏది చిన్న అనే దానికి మాత్రం అడ్డంగా గీసిన రేఖ కన్నా నిలువుది మేలు. గోడ మీద థర్మామీటరులా గీసి, పైకి వెళ్తే ఎక్కువ, కిందికి వస్తే తక్కువ అను. లంబసింగి చలి మన పిల్లలకు తెలుసు. లద్దాఖ్‌లోని ద్రాస్‌లో చలికాలం మైనస్ 20 డిగ్రీల కిందికి దిగిందని వార్తల్లో వింటారు. −3 డిగ్రీలు వెచ్చనా, −7 డిగ్రీలు వెచ్చనా అంటే తడుముకోకుండా చెప్తారు. ఇక్కడ అప్పుల ఉదాహరణ వాడకు. "7 రూపాయల అప్పు పెద్దదా, 3 రూపాయల అప్పు పెద్దదా" అంటే ఎవరైనా 7 అనే అంటారు, దాంతో −7 పెద్దదని స్థిరపడిపోతుంది. అప్పు కూడికకు పనికొస్తుంది, క్రమానికి పనికిరాదు. రెండు చోట్లా ఒకే ఉదాహరణ వాడితే అసలుకే ఎసరొస్తుంది.

ఇక కూడిక, తీసివేత. అష్టాచెమ్మా ఆడేందుకు ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు ఉంటాయి చూడు, అవి తెప్పించు. బెంచీకి ఇరవై చాలు. తెలుపు +1, గోధుమరంగు −1. ఒక తెలుపు, ఒక గోధుమ కలిస్తే సున్నా జత. −5 + 3 అంటే ఐదు గోధుమ, మూడు తెలుపు. మూడు జతలు పక్కకు పోగా రెండు గోధుమ మిగిలాయి, −2. ఇది ఒక్క పీరియడులో అందరికీ వస్తుంది.

చిక్కంతా తీసివేతలో ఉంది, ఇక్కడ తొందరపడకు. వరుస ఇలా పెట్టుకో. ముందు −5 − (−2): ఐదు గోధుమ ఉన్నాయి, అందులోంచి రెండు గోధుమ తీసెయ్, మూడు మిగిలాయి, −3. తీసెయ్యడానికి చేతిలో ఉన్నవే కాబట్టి ఇబ్బంది లేదు. తర్వాత 3 − (−2): మూడు తెలుపులే ఉన్నాయి, తీసెయ్యడానికి గోధుమ లేవు. ఏం చేద్దాం? సున్నా జతలు రెండు తెచ్చి వెయ్యమను. ఇప్పుడు బల్ల మీద ఐదు తెలుపు, రెండు గోధుమ. విలువ మాత్రం ఇంకా 3. ఆ మాట గట్టిగా అనిపించాకే గోధుమ రెండూ తీయించు. ఐదు తెలుపు, +5. ఆ తర్వాతే −3 − 5: మూడు గోధుమ ఉన్నాయి, ఐదు తెలుపు తియ్యాలి. ఐదు జతలు వేస్తే ఎనిమిది గోధుమ, ఐదు తెలుపు. తెలుపు తీసేస్తే −8. చేత్తో ఎనిమిది గోధుమ పిక్కలు పట్టుకున్న పిల్లవాడు +8 అని రాయడు.

ఈ పిక్కలతోనూ రెండు పొరపాట్లు వస్తాయి. ఒకటి, జత వెయ్యమంటే తమకు కావలసిన రంగు పిక్క ఒక్కటే వేసేస్తారు, విలువ మారిపోతుంది. రెండోది, తీసెయ్యమంటే తిప్పేస్తారు. ఒక తెలుపును గోధుమగా తిప్పితే విలువ 1 కాదు, 2 తగ్గుతుంది. అది పట్టుకుని చెప్పు. ఉన్న పిక్కలన్నీ ఒకేసారి తిప్పితే ఏమొస్తుందో కూడా అడుగు. సంకలన విలోమం, అంటే కలిపితే సున్నా ఇచ్చే సంఖ్య, అక్కడే దొరుకుతుంది. ప్రతి కదలికనూ పక్కనే నోటుబుక్కులో రాయించు. లేకపోతే పిక్కలు ఆటగా మిగిలిపోతాయి, లెక్క లెక్కగానే ఉండిపోతుంది.

నాలుగైదు రోజులయ్యాక పిల్లలే గమనిస్తారు: −2 తీసెయ్యడం, 2 కలపడం ఒకటే. వాళ్ళు గమనించేదాకా ఆగు. ఆ రోజుకు ఊతంగా మార్కుల లెక్క చెప్పొచ్చు. జేఈఈ మెయిన్‌లో లాగా క్లాసు క్విజ్‌లో సరైన జవాబుకు 4, తప్పుకు −1 అనుకుందాం. పది ఒప్పులు, ఏడు తప్పులు: 40 − 7 = 33. రెండు తప్పులకు కోసిన మార్కులు వెనక్కి తీసుకుంటే, అంటే రెండు −1లు తీసేస్తే, 35. మార్కులు పెరగడం ఎవరికి అర్థం కాదు!

చదివే తీరు కూడా మార్చు. −3 − 5 ని "మైనస్ మూడు మైనస్ అయిదు" అని చదివితే రెండు గుర్తులూ ఒకేలా వినపడతాయి. "రుణ మూడులోంచి అయిదు తీసివెయ్యి" అని చదువు. నువ్వు రెండు నెలలు విసుగు లేకుండా అలా చదివితే పిల్లలూ చదువుతారు.

పరమ మూల్యం పుస్తకంలో ఎక్కడున్నా, కూడిక సూత్రానికి ముందే చెప్పెయ్. "గుర్తు తీసేస్తే పరమ మూల్యం" అని మాత్రం చెప్పకు. సున్నా నుంచి దూరం అని చెప్పు. వరండా రేఖ మీద ఒకరిని −5 దగ్గర, ఒకరిని 5 దగ్గర నిలబెడితే ఇద్దరూ సున్నాకు ఐదేసి అడుగుల దూరంలో ఉంటారు. అంతకన్నా మంచి అభ్యాసం ఒకటుంది. బెంచీ పొడవు ఎన్ని సెంటీమీటర్లో చూపుతో అంచనా వెయ్యమను. కొలిస్తే 122 అనుకో. 115 అన్నవాడి తేడా −7, 126 అన్న పిల్ల తేడా +4. దగ్గరగా చెప్పిందెవరు? "−7 చిన్నది కాబట్టి వాడే గెలిచాడు" అని ఎవడో ఒకడు అంటాడు. అనాలి కూడా. తేడా ఎటువైపు అన్నది వేరు, ఎంత అన్నది వేరు అని అప్పుడు తేలుతుంది. పరమ మూల్యాన్ని నిలువు గీతల మధ్య రాస్తాం: |−7| = 7, |4| = 4. కూడిక సూత్రం కూడా ఈ రెంటి మీదే నిలబడింది: −7 + 4 లో గుర్తులు వేరు కాబట్టి పరమ మూల్యాల తేడా 3, పెద్ద పరమ మూల్యం ఉన్నదాని గుర్తు, −3.

పేపర్లు దిద్దేటప్పుడు ఒక వింత కనపడుతుంది: |5| ని పిల్లలు 151 లా రాసి, తర్వాతి వరుసలో నిజంగానే 151 అని చదువుకుంటారు. నిలువు గీతలు అంకె కన్నా పైకీ కిందికీ పొడుచుకొచ్చేలా రాయించు. ఈ గుర్తును 1841లో వైయర్‌స్ట్రాస్ అనే జర్మన్ గణితవేత్త వాడుకలోకి తెచ్చాడు. ఆయన చేతిరాత ఎలా ఉండేదో గానీ మన పిల్లలకు మాత్రం గీతలు పొడుగ్గానే ఉండాలి.

పరమ మూల్యంలో ఇవి తప్పకుండా చేయించు: −|−6| (జవాబు −6, చాలామంది 6 అంటారు), |3 − 8| తో |3| − |8| ని పోల్చడం (5, −5), |−2 + 3| తో |−2| + |3| ని పోల్చడం (1, 5). లోపలి లెక్క పూర్తి చేశాకే గీతలు విప్పాలన్నది వాటితో వంటబడుతుంది. |□| = 4 అయితే పెట్టెలో ఏముండొచ్చని అడిగితే ఒక్క జవాబుతో ఆగిపోతారు, రేఖ దగ్గరికి పంపు. |□| = −4 ఇచ్చి ఊరుకో, వాదించుకోనీ. ఏడో తరగతి వాళ్ళకు రెండు సంఖ్యల మధ్య దూరం కూడా చెప్పొచ్చు: −3 కీ 4 కీ మధ్య |−3 − 4| = 7.

గుణకారానికి వద్దాం. 3 × (−2) అంటే −2 మూడుసార్లు, −6. అది సులువు. (−3) × (−2) దగ్గర "శత్రువుకు శత్రువు మిత్రుడు" అనే కథ చెప్తారు చాలామంది. నాకు అది నచ్చదు. ఆ కథ −3 − 2 కీ సరిపోయినట్టే ఉంటుంది. మళ్ళీ మొదటి గోతిలోనే పడతాం. దానికి బదులు వరుస రాయించు: (−3) × 3 = −9, (−3) × 2 = −6, (−3) × 1 = −3, (−3) × 0 = 0. ప్రతిసారీ 3 పెరుగుతోంది. తర్వాతది (−3) × (−1), ఎంత కావాలి? 3. ఆపైన 6. తెలివైన పిల్లలు "వరుస అలాగే సాగాలని ఎక్కడుంది" అని అడగొచ్చు. అప్పుడు విభాగ న్యాయం తియ్యి: (−3) × (2 + (−2)) అంటే (−3) × 0, కాబట్టి సున్నా. విడగొడితే −6 + (−3) × (−2) = 0. −6 కి ఏది కలిపితే సున్నా? 6 ఒక్కటే. బ్రహ్మగుప్తుడు 628లోనే ధన, రుణాల గుణకార నియమాలు రాశాడని ఇక్కడ చెప్పు, పిల్లలు చెవి ఒగ్గి వింటారు. సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అని కూడా ఆయన రాశాడు, దాన్ని మనం ఇప్పుడు ఒప్పుకోం. ఎందుకు ఒప్పుకోమో అడిగితే హారం సున్నా కాకూడదన్న షరతుకు దారి దొరుకుతుంది. 6 ÷ 0 అంటే ఏ సంఖ్యను 0 తో గుణిస్తే 6? ఏదీ కాదు. 0 ÷ 0 అంటే? ఏ సంఖ్యైనా సరే. మొదటిదానికి జవాబు లేదు, రెండోదానికి లెక్కలేనన్ని. రెండూ మనకు పనికిరావు.

అకరణీయ సంఖ్యల్లో నిజానికి కొత్త సంగతి తక్కువ. పాత భిన్నాల లోపం, పాత రుణ సంఖ్యల లోపం ఒకేసారి బయటపడతాయి, అంతే. భిన్నాలు రాకపోతే ముందు అవి బాగుచెయ్యి. చార్టు మీద 12 సెంటీమీటర్లు ఒక యూనిట్‌గా −2 నుంచి 2 దాకా 48 సెంటీమీటర్ల రేఖ గియ్యి. 1/2 అంటే 6 సెం.మీ., 1/3 అంటే 4 సెం.మీ. కలిపితే 10 సెం.మీ., 5/6. 1/2 + 1/3 = 2/5 అన్నవాణ్ణి పిలిచి 2/5 ఎక్కడుందో కొలవమను. 4.8 సెం.మీ. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తక్కువ ఎలా వచ్చిందని వాడే ఆలోచనలో పడతాడు.

అదే చార్టును ఎడమవైపు −3 దాకా పొడిగించి −7/3 గుర్తించమను. మిశ్రమ భిన్నంగా మార్చి −2 1/3 అని సరిగ్గానే రాస్తారు. తర్వాత −2 దగ్గరికెళ్ళి కుడివైపు మూడో వంతు జరిపి, −2 కీ −1 కీ మధ్య చుక్క పెడతారు. గుర్తు మొత్తానికి వర్తిస్తుంది: −(2 + 1/3). −2 నుంచి ఎడమవైపుకు, −3 దిక్కుగా వెళ్ళాలి. ఈ ఒక్కదానికి అరగంట పట్టినా ఫరవాలేదు.

పోల్చేటప్పుడు అడ్డగుణకారం అలవాటుంటే జాగ్రత్త. 2/−3, −3/4 ఇస్తే 2 × 4 = 8, (−3) × (−3) = 9, కాబట్టి మొదటిది చిన్నదంటారు. తప్పు. హారం రుణమైతే ఆ కిటుకు తిరగబడుతుంది. ముందు ప్రామాణిక రూపంలోకి తెచ్చి హారాన్ని ధనం చెయ్యాలి, తర్వాత హారాల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం): −8/12, −9/12. మొదటిదే పెద్దది. −3/4, 3/−4 ఒకటే గానీ −3/−4 వేరన్నది కూడా ఈ సందర్భంలోనే చూపించు. దశాంశాల్లో −0.5, −0.35 లలో ఏది పెద్దదని అడిగితే 35 ని చూసి మోసపోయేవాళ్ళు ఉంటారు. రెండో స్థానం నింపి −0.50 అని రాయించు.

2/5 కీ 3/5 కీ మధ్య ఏమీ లేదంటారు. 20/50, 30/50 అని రాసి చూపిస్తే తొమ్మిది కనపడతాయి. 200/500, 300/500 అంటే ఇంకా. ఎంతసేపు కావాలంటే అంతసేపు సాగుతుంది, అలసిపోయాక వాళ్ళే ఆపుతారు. సంవృత ధర్మం (జవాబు కూడా అదే రకం సంఖ్య కావడం), వినిమయ ధర్మం (వరుస మార్చినా జవాబు మారకపోవడం) లాంటివి పరీక్షలో అడుగుతారు కాబట్టి చెప్పు గానీ, పట్టికలు బట్టీ పట్టించడం కన్నా −7 ÷ 2 పూర్ణ సంఖ్య కాదన్న ఒక్క ఉదాహరణ ఎక్కువ పని చేస్తుంది.

చివరగా, గుణకారం అయ్యాక వారానికోసారి చీటీ పరీక్ష పెట్టు, ఐదు లెక్కలు, ఐదు నిమిషాలు: −3 − 5, −3 + 5, 3 − (−5), (−3) × (−5), |3 − 5|. జవాబులు −8, 2, 8, 15, 2. మార్కులు వెయ్యకు, తప్పు జవాబును చూడు. మొదటిదానికి 8 వస్తే "మైనస్ మైనస్ ప్లస్" పట్టుకున్నాడు. రెండోదానికి −8 వస్తే రెంటినీ కలిపేసి గుర్తు తగిలించాడు, సున్నా జతలు మళ్ళీ చేయించు. మూడోదానికి −2 వస్తే బ్రాకెట్ కంటికి ఆనలేదు. నాలుగోదానికి −15 వస్తే వరుస మళ్ళీ రాయించు. ఐదోదానికి −2 వస్తే గీతల్ని బ్రాకెట్ అనుకున్నాడు, 8 వస్తే లోపలి మైనస్‌ను ముందే చెరిపేశాడు. ఒక్కో తప్పు చేసినవాళ్ళను ఒక్కో బెంచీకి చేర్చి, పిక్కలు అవసరమైన బెంచీకే ఇవ్వు. మొదటి నెల చీటీలు పారెయ్యకు, ఎనిమిదో తరగతిలో వాళ్ళు మళ్ళీ నీ దగ్గరికే వస్తారు కదా.

ఇట్లు,
మీ పెదనాన్న