వంతెన మీద గాలి తోసేస్తుంటే

ప్రశ్న: గాలి గట్టిగా వీస్తే వంతెన మీద నా బైక్ పక్క లేన్‌లోకి జరిగిపోతోంది. హ్యాండిల్ ఎంత బిగించి పట్టుకున్నా అంతే. ఏం చేయాలి?

జవాబు: ఆ బిగింపే అసలు తంటా. గాలి భుజాన్ని తోస్తే, బిగుసుకున్న చేతుల గుండా ఆ తోపు నేరుగా హ్యాండిల్‌కు చేరుతుంది. మోకాళ్లతో ట్యాంకును గట్టిగా పట్టి, మోచేతులు వదులు చేయండి. వేగం తగ్గించండి. గాలి ఎడమ నుంచి వస్తుంటే ఎడమ హ్యాండిల్‌ను మెల్లగా ముందుకు నెట్టండి, బండి గాలివైపే వాలుతుంది. తిరకాసుగా ఉంది కదా, నేనూ మొదట నమ్మలేదు! లారీని దాటేటప్పుడు మాత్రం జాగ్రత్త. దాని చాటున గాలి ఆగిపోతుంది, వాలి ఉన్న బండి లారీవైపు లాగుతుంది. దాటగానే మళ్లీ ఒక్కసారిగా కొడుతుంది. ఒకసారి నాకు హెల్మెట్‌తో సహా మెడ తిరిగిపోయింది. గాలి వేగం 2 రెట్లయితే తోపు 4 రెట్లు. బండి అదుపు తప్పుతోందనిపిస్తే ఆపేయండి, మొహమాటం వద్దు.